పాత సగం, కొత్త సగం

తీర్పు చెప్పేముందు పట్టాభిరామ కళ్ళజోడు తీసి తుడుచుకుంటాడు. తుడుపు ఎంతసేపు సాగితే వార్త అంత చెడ్డదని చిక్కబళ్ళాపురం ఆఫీసులో అందరికీ తెలుసు. ఆ శుక్రవారం ఆయన రెండు అద్దాలూ తుడిచి, తృప్తి లేక కాడలు కూడా తుడవబోయేసరికి, బల్లకు అవతల కూర్చున్న అర్పిత తల వంచేసుకుంది.

"తేడా రాలేదమ్మా," అన్నాడాయన. "కొత్త సగం ఎట్లుండాదో పాత సగమూ అట్లే ఉండాది."

ఆమెకు ఇంకో మాట అక్కర్లేదు గానీ మనకు కావాలి. వాళ్ళ కంపెనీ 'తోటమాట' అని రైతుల ఫోన్లలో నడిచే యాప్ ఒకటి తయారుచేస్తుంది. చిక్కబళ్ళాపురంలో పూల రైతుల కోసం ఒక జట్టు, చింతామణిలో టమాటా వాళ్ళ కోసం ఒకటి, బాగేపల్లిలో శెనక్కాయ వాళ్ళ కోసం ఒకటి పనిచేస్తాయి. ఏ జట్టుకు కొత్త ఆలోచన వచ్చినా దాన్ని అందరికీ ఒకేసారి పంచరు. చీట్లు తీసినట్టు రైతులను రెండు సగాలు చేస్తారు. కొత్త సగానికి కొత్తది అందుతుంది, పాత సగం ఎప్పటిలాగే ఉంటుంది. కొన్నాళ్ళకు రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తారు. ఆ చూసే పని పట్టాభిరామ నడిపే ప్రయోగాల జట్టుది. ఆయనా, యశస్, నేత్ర, ముగ్గురే. అందరి ఆలోచనలకూ వీళ్ళదే తూకం. అందుకే ఆయన్ను చాటుగా 'తక్కెడ సార్' అంటారు. ఆ సంగతి ఆయనకు తెలుసు, లోలోపల కాస్త ముచ్చట కూడా.

చింతామణి జట్టులో పనిచేసే అర్పిత ఆలోచన చూడ్డానికి చిన్నది. మధ్యాహ్నం చింతామణి మార్కెట్టులో మండీ మండీకీ తిరిగి, రేపు ఎటునుంచి ఎంత సరుకు దిగబోతుందో కనుక్కుంటుంది. సాయంత్రం తన గొంతుతోనే మెసేజ్ పెట్టి రైతులకు చెబుతుంది, రేపు కాయ కోయవచ్చా, ఒక రోజు ఆగితే మేలా అని. రేటు పడిపోయిన రోజున సరుకు తెచ్చి, బండి బాడుగ కూడా గిట్టక, దోవ పక్కన కుమ్మరించి ఇంటికి పోయే రైతులను చూసి చూసి పుట్టిన ఆలోచన అది. ఆ పారబోతలు తగ్గాయా లేదా అన్నదే తూకం. తగ్గాయి. కానీ మెసేజ్ అందిన సగంలో ఎంత తగ్గాయో, అందని సగంలోనూ అంతే తగ్గాయి. అంటే ఇది మెసేజ్ మహిమ కాదు, ఈ ఏడు కాలం కలిసొచ్చింది అంతే అని రాశాడు పట్టాభిరామ. రాసింది న్యాయమేనని నమ్మాడు.

అర్పిత ఏడవలేదు, వాదించలేదు. వాదించి ఉంటే ఆయనకు కాస్త సులువుగా ఉండేది. ఆ మెసేజ్ కోసమే ఆమెను కాంట్రాక్టు మీద తీసుకున్నారు. అది ఆగిపోతే ఆమె పనీ ఆగిపోతుందని ఇద్దరికీ తెలుసు.

"సోమవారం మీటింగ్ దాకా పంపొచ్చునా సార్?" అని మాత్రం అడిగింది.

"పంపమ్మా. సోమవారమే కదా మూసేది."

"సరే సార్. ఉండేంతవరకన్నా కషాయం తాగి బాగా చెప్తాను. గొంతు కట్టుకోనుండాది." నవ్వడానికి ప్రయత్నించింది. "నల్లగుట్టపల్లి పిళ్ళప్ప అని ఒకాయప్ప నిన్న ఆఫీసుకే ఫోన్ చేసినాడు సార్. మిరియాల కషాయం తాగు పాపా, నీ మాట వింటాంటే మాకు దగ్గొస్తాండాది అన్యాడు."

పట్టాభిరామ మర్యాదకు నవ్వాడు. ఆమె సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసి, "చిత్రాన్నం తెచ్చినాను సార్, ఇద్దరికీ అవుతాది," అంది. పని పోతున్న మనిషి పని తీసేస్తున్న మనిషిని అన్నానికి పిలవడం ఈ ఊళ్ళలో వింతేం కాదు. అన్నం వేళ అయింది, పిలిచింది. ఆయన వద్దమ్మా అని చెయ్యి ఊపి, తన డబ్బా పట్టుకుని కిటికీ దగ్గరికి పోయాడు.

ఆయన రోజూ ఒంటరిగానే తింటాడు. కొత్తగా చేరినవాళ్ళు మడి అనుకుంటారు. మడీ లేదు గిడీ లేదు, సాయంత్రమైతే బేకరీ ముందు నలుగురితో నిలబడి ఖారా బన్ను తినే మనిషే. చింతామణిలో కిరాణా అంగడి ఉన్న ఇంట్లో పుట్టినవాడు. ఒకరి డబ్బాలో చెయ్యి పెట్టి, ఆ చేత్తోనే వాళ్ళ సరుకు తూస్తే ముల్లు వాళ్ళవైపు వాలుతుందని ఆయన భయం. అందుకే ఏ జట్టు డబ్బా ముట్టడు, ఏ జట్టు పుట్టినరోజు కేకూ తినడు. న్యాయం చేసేవాడు కాస్త దూరంగా ఉండాలన్నది ఆయన మతం.

ఆ మతానికే ఇప్పుడు ముప్పు వచ్చింది. మధ్యాహ్నం కంపెనీ పెద్ద పురుషోత్తమ్ ఆయన్ను తన గదిలోకి పిలిచాడు. ఇద్దరూ కాలేజీ నుంచీ స్నేహితులు.

"ఏమప్పా పట్టాభి, ఒక సంగతి అనుకుంటాండా. మీ ముగ్గురినీ ఈడ ఒక గదిలో పెట్టేదానికంటే, ఊరికొకరిని ఆ జట్లతోనే కూర్చోబెడితే ఎట్లుంటుంది?"

"తూచేవాడూ అమ్మేవాడూ ఒక అరుగు మీద కూర్చుంటే ఎట్లుంటుందో అట్లుంటుంది," అన్నాడు పట్టాభిరామ.

"జట్లు మీ దగ్గరికి వచ్చేదే మానేసినాయని నాకు అనుమానం."

"మంచి ఆలోచనలు లేక రాలేదేమో."

పురుషోత్తమ్ పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, "సోమవారం అందరి ముందరా నీ మాట చెప్పు. అందరూ వింటారు, నేనూ వింటాను. నీ జట్టు ఉండల్ల అంటే ఏంటికి ఉండల్లనో చెప్పు," అన్నాడు.

ఆ గదినీ, ఆ ఇద్దరు పిల్లలనూ పట్టాభిరామ చేతులారా తయారుచేసుకున్నాడు. యశస్‌కు లెక్క నేర్పాడు, నేత్రకు సందేహించడం నేర్పాడు. తలుపు మీద 'ప్రయోగాల జట్టు' అని ఉన్న బోర్డు కూడా తనే రాయించి, తనే నిచ్చెన ఎక్కి బిగించాడు. ఆ సాయంత్రం ఇంటికి పోతూ దాని కింద ఆగి రెండుసార్లు పైకి చూశాడు.

శనివారం సెలవు అయినా బాగేపల్లి బస్సు ఎక్కాడు. అక్కడి జట్టును నడిపే దేవరాజ్ తన పక్షాన ఒక మాట చెబితే పురుషోత్తమ్ వింటాడు. దేవరాజ్‌ది భూమి ఉన్న ఇల్లు. వారమంతా కంప్యూటర్, శని ఆదివారాలు శెనక్కాయ చేను. ఆ రోజు కూడా లుంగీలోనే ఆఫీసుకు వచ్చి, ఇంటికొచ్చిన చుట్టానికి ఇచ్చినంత మర్యాదగా పెద్ద గ్లాసుల్లో కాఫీ తెప్పించి, పట్టాభిరామ చెప్పిందంతా విన్నాడు.

"మీ జట్టు మంచిదే సార్. తప్పు మాట చెప్పరు, ఎవురికీ వంగరు. కానీ మీ తావుకు రావల్లంటే పరీక్ష హాలుకు వచ్చినట్ల ఉంటుంది."

"పరీక్ష ఉండల్ల కదప్పా."

"ఉండల్ల. కానీ సగం ఉడికినదాన్ని తెచ్చి ఇది చూడండి, ఇంగేం వెయ్యల్ల అని అడిగేదానికి లేదు. ఉడికినదే తేవల్ల, మీరు బాగుందో లేదో చెప్పల్ల, మేం పోవల్ల. శుక్రవారం నాడు మీరు అద్దాలు తుడిచేది చూసి మా పిల్లోళ్ళకు చెమట పట్టేది." దేవరాజ్ కాఫీ గ్లాసు తిప్పుతూ నెమ్మదిగా అన్నాడు. "పోయిన ఉగాది నుంచి మేం మీకు ఒక్క టెస్టూ పంపలేదు. చూసినారో లేదో."

చూడలేదు. బాగేపల్లి వాళ్ళు సోమరులైపోయారనుకున్నాడే తప్ప, వాళ్ళు తనకు భయపడి ముడుచుకున్నారని పట్టాభిరామ అనుకోలేదు. దేవరాజ్ బస్టాండు దాకా వచ్చి, చేలూరు మీదుగా చింతామణి పోయే బస్సులో కిటికీ సీటు పట్టి ఇచ్చి, చేతిలో ఒక పొట్లం వేయించిన శెనక్కాయలు పెట్టాడు. పట్టాభిరామ దాన్ని విప్పలేదు. అలాగని తిరిగి ఇవ్వనూ లేదు.

బస్సు కదిలాక యశస్ ఫోన్ చేశాడు. ఏ పరీక్షనైనా మూసేముందు పాత సగంలోంచి కొందరితో మాట్లాడి ఆఖరి రిపోర్టులో రాయడం వాళ్ళ జట్టు ఆనవాయితీ.

"సార్, అందరితో మాట్లాడేసినా. ఒకాయప్ప మాత్రం దొరకలేదు. నల్లగుట్టపల్లి పిళ్ళప్ప. ఫోన్ ఎత్తల్యా. వదిలేద్దునా?"

"ఎవరూ?"

"పిళ్ళప్ప సార్. పాత సగం."

"సరిగ్గా చూసినావా? పాత సగమేనా?"

"పాత సగమే సార్. మొదటి దినం నుంచీ ఒక్క మెసేజ్ కూడా పోలేదు."

పట్టాభిరామ ఫోన్ ఒళ్ళో పెట్టుకుని ఎదుటి సీటు కమ్మీ పట్టుకున్నాడు. ఒక్క మెసేజ్ కూడా పోని మనిషికి, ఆ పిల్ల గొంతు కట్టుకుపోయిందని ఎలా తెలుసు? మిరియాల కషాయం తాగమని ఎలా చెప్పాడు? ఆ మాట తన ఎదురుగానే, తన బల్ల దగ్గరే చెప్పింది అర్పిత. తను నవ్వి ఊరుకున్నాడు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, అందరి తప్పులూ పట్టే మనిషి చెవిలో పడ్డ మాటను పట్టుకోలేకపోయాడు.

"నల్లగుట్టపల్లి గేటు వస్తే ఆపప్పా," అన్నాడు కండక్టరుతో.

ఊరి దోవ చీలే ఆ గేటు దగ్గర దిగి నడిచి ఊళ్ళోకి వచ్చేసరికి సాయంత్రం పాలు పోసే వేళ. డైరీ ముందు స్టీలు చెంబులూ క్యాన్లూ వరుసలో ఉన్నాయి. కొందరు మనుషులు వరుసలో ఉన్నారు, కొందరు తమ చెంబులను వరుసలో నిలబెట్టి తాము అరుగు మీద కూర్చున్నారు. లోపల కార్యదర్శి రామచంద్రప్ప ఒక్కో చెంబులో గరిటె పెట్టి కలిపి, చిన్న గిన్నెలోకి కాసిని పాలు తీసి, మెషిన్‌లో వెన్న శాతం చూసి, మిగతావి పెద్ద క్యాన్‌లో పోస్తున్నాడు. పట్టాభిరామ ఎవరినీ ఏమీ అడగలేదు. చల్లకొచ్చి ముంత దాచినట్టు అరుగు చివర నిలబడి, బస్సు కోసం చూస్తున్నవాడిలా ముఖం పెట్టాడు. చింతామణి షావుకార్లాగా ఉన్నాడని ఒకావిడ ఆయనకు కాస్త చోటిచ్చింది.

అంతలో వరుస మధ్యలో ఉన్న ఒక నడివయసు ఆవిడ కొంగు ముడిలోంచి ఫోన్ తీసి, "వచ్చె," అంది.

అంతే. రామచంద్రప్ప మెషిన్ ఆపేశాడు. మాటలు ఆగిపోయాయి. అరుగు మీదివాళ్ళు లేచి వచ్చారు. ఆవిడ బోర్లించిన ఖాళీ క్యాన్ మీద ఫోన్ పెట్టి స్పీకర్ వేసింది.

"అప్పా, అమ్మా, నేను చింతామణి అర్పితని మాట్లాడతాండా," అంది ఫోను. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "రేపు మదనపల్లి దిక్కునుంచి సరుకు శానా దిగుతాంది. పండు తిరగని కాయ ఉంటే రేపు కోయొద్దండి, ఎల్లుండికి పెట్టుకోండి. బాగా ఎర్రగైనదైతే మాత్రం ఆపొద్దండి, యాడన్నా దగ్గర సంతకు పొయ్యి అమ్మేసుకోండి. ఉంటానప్పా. సోమవారం నుంచి..." అక్కడ గొంతు ఒక్క క్షణం ఆగింది. "సోమవారం నుంచి ఎట్లనో రేపు చెప్తాను."

ఆవిడ ఫోన్ తీసి మళ్ళీ కొంగులో ముడి వేసుకుంది.

"కషాయం తాగలేదు ఈ పాప," అన్నాడు తలకు తువ్వాలు చుట్టుకున్న ఒక ముసలాయన.

"నువ్వు చెప్పినాక తాగకుండా ఉంటుందా పిళ్ళప్పా. తగ్గేదానికి దినాలు పట్టదా," అంది ఫోను ఆవిడ. ఆమె పేరు మునివెంకటమ్మ. అప్పటికే ఒకతను కూలివాళ్ళకు ఫోన్ చేసి రేపు రావద్దంటున్నాడు. ఇంకొకతను బండి మనిషికి చెబుతున్నాడు. వరుస మళ్ళీ కదిలింది. పాలు మళ్ళీ క్యాన్‌లో పడసాగాయి.

పట్టాభిరామ ఆవిడ దగ్గరికి పోయి, "మెసేజ్ మీ ఒక్కరికే వస్తాదామ్మా?" అన్నాడు.

"ఈ ఊర్లో కొంతమందికి వస్తాది, కొంతమందికి రాదు. ఏంటికో ఏమో. అందరికన్నా ముందు నా ఫోన్‌కు వస్తాది, నాది స్పీకర్ గట్టి. పిళ్ళప్పకు రాదు."

"రానివాళ్ళకు మీరెందుకు వినిపిస్తారు?"

మునివెంకటమ్మ ఆయన్ను ఎగాదిగా చూసింది. ఎవరిదో మంచి ఇంటి మనిషే, ఇట్లాంటి ప్రశ్న ఎందుకు అడుగుతున్నాడో అన్నట్టు చూసింది.

"పిళ్ళప్ప చేను నా చేను పక్కనే ఉండాదప్పా. కోయొద్దని నాకు తెలిసి, పొద్దన్నే ఆయప్ప కూలోళ్ళను పిలుచుకోని కాయ కోస్తాంటే, నేను గట్టు మీద నిలబడి యా మొగం పెట్టుకోని చూడల్ల?"

ఊరును పట్టాభిరామ ఫోన్ నంబర్లుగా చూసి రెండు సగాలు చేశాడు. రెండు సగాలూ సాయంత్రమైతే ఒకే డైరీలో పాలు పోస్తాయన్నది ఆయన లెక్కలో లేదు. అదిగో, రామచంద్రప్ప క్యాన్‌లో పోసిన పాలు. ఏవి ఎవరి చెంబువో ఇప్పుడు ఎవరు చెప్పగలరు? తేడా లేకపోవడానికి మెసేజ్ పనిచేయకపోవడం కారణం కాదు. బాగా పనిచేసి ఊరంతా పాకినందువల్లే తేడా మిగల్లేదు. చింతామణి జట్టులో ఎవరిని అడిగినా ఈ సంగతి ముందే చెప్పి ఉండేవాళ్ళు. వాళ్ళను అడగకపోవడమే న్యాయమనుకున్నాడు తను. ఆ పిల్ల ముఖం గుర్తొచ్చి ఆయనకు సిగ్గేసింది.

"బస్సుకు ఇంకా పొద్దుండాది. కూర్చోప్పా, టీ తాగుదువు," అన్నాడు పిళ్ళప్ప.

పట్టాభిరామ కూర్చుని టీ తాగాడు. దేవరాజ్ ఇచ్చిన శెనక్కాయల పొట్లం విప్పి అరుగు మీద నలుగురి మధ్య పెట్టాడు.

ఆదివారం చింతామణిలో, అమ్మ సులోచనమ్మ అంగట్లో కూర్చుని యశస్‌తో ఫోన్‌లో పని చేయించాడు. చీట్లు పడ్డ తీరులో కొన్ని చిన్న ఊళ్ళకు ఒక్క మెసేజ్ కూడా పోలేదు. రైతులు నలుగురైదుగురే ఉన్న ఊళ్ళు అవి, అందరూ పాత సగంలోనే పడ్డారు. ఆ ఊళ్ళను విడిగా తీసి చూడమన్నాడు. యశస్ చాలాసేపటికి తిరిగి ఫోన్ చేశాడు.

"సార్, ఆ ఊళ్ళల్లో పారబోతలు పోయినేడు ఎన్నో ఈ ఏడూ అన్నే. ఏమీ తగ్గల్యా. కాలమే కలిసొచ్చింటే ఈడా తగ్గల్ల కదా." కాస్త ఆగి, "ఊళ్ళు కొంచెమే సార్. ఇంతదానితో గట్టిగా చెప్పలేం," అన్నాడు. నేర్పినవాడి మాటే నేర్చినవాడు చెప్పాడు.

"గట్టిగా చెప్పొద్దు. కానీ మనం చెప్పింది తప్పని మాత్రం గట్టిగా చెప్పొచ్చు."

"అట్ల చెప్తే మన జట్టు..." యశస్ మాట పూర్తి చేయలేదు.

"అవునురా," అన్నాడు పట్టాభిరామ. అప్పుడు నిజంగా బాధ వేసింది. తప్పు ఒప్పుకుంటే పురుషోత్తమ్ చేతికి కత్తి ఇచ్చినట్టే. ఒప్పుకోకపోతే ఎవరికీ తెలియదు. అర్పిత నెలాఖరుకు ఇంకో పని వెతుక్కుంటుంది, తలుపు మీద బోర్డు ఉంటుంది, తను కిటికీ దగ్గర కూర్చుని అన్నం తింటాడు. ఇంతే. ఇంత సులువు.

సులోచనమ్మ ఒక గిరాకీకి కందిబేడలు తూచి, ముల్లు నిలిచాక ఇంకో పిడికెడు వేసి పొట్లం కట్టింది. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

"పొద్దన్నుంచీ మొగం అట్ల పెట్టుకోనుండావేమప్పా?"

"తూకం తప్పినానమ్మా."

"అంతేనా? పిలిచి మళ్ళా తూచి ఇయ్యి. తప్పు తూకం తీసుకోని పొయ్యినోళ్ళు తిరిగి వచ్చి అడుగుతారని కూర్చుంటే, వాళ్ళు అడగరు. ఇంగో అంగడికి పోతారు." ఆమెకు అదేమంత పెద్ద విషయం కాదు. ఇంకొకరికి చక్కెర తూచడంలో పడిపోయింది.

సోమవారం మీటింగ్‌లో అందరూ ఉన్నారు. బాగేపల్లి నుంచి దేవరాజ్, ఈసారి ప్యాంటు వేసుకుని వచ్చాడు. అర్పిత గోడ పక్క కుర్చీలో, సంచి ఒళ్ళో పెట్టుకుని, బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నదానిలా కూర్చుంది. పట్టాభిరామ లేచాడు. అందరూ ఆయన కళ్ళజోడు వైపు చూశారు. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"శుక్రవారం నేను ఇచ్చిన రిజల్టు తప్పు," అన్నాడు. "మెసేజ్ పనిచేయలేదని చెప్పేదానికి నా దగ్గర ఆధారం లేదు. పనిచేస్తాండాదని అనుకునేదానికి ఉండాది."

నల్లగుట్టపల్లి డైరీ సంగతి చెప్పాడు. క్యాన్ మీద ఫోన్, ఆగిన మెషిన్, గట్టు మీద నిలబడలేని మునివెంకటమ్మ, అన్నీ చెప్పాడు. పిళ్ళప్ప కషాయం మాట చెప్పేటప్పుడు గోడ పక్కన అర్పిత ఒళ్ళో సంచిని గట్టిగా పట్టుకుని, చప్పుడు లేకుండా ఏడ్చింది. శుక్రవారం ఏడవని మనిషి.

పురుషోత్తమ్ పెన్నుకు మూత బిగించి పక్కన పెట్టాడు. తర్వాత స్నేహితుడిగానే అన్నాడు. "పట్టాభీ, నువ్వు ఇట్ల చెప్తే మీ జట్టును ఈడ ఉంచేదానికి నా దగ్గర కారణం ఉండదు. తెలుసునా?"

"తెలుసు. నేనే అడుగుతాండా, విడగొట్టేయి. యశస్ బాగేపల్లికి పోతాడు, నేత్ర ఇక్కడ పూల వాళ్ళతో కూర్చుంటుంది. పనంతా ఆయా జట్లతోనే. కానీ ఒక షరతు. వారానికి ఒక రోజు మేం ముగ్గురం ఒకచోట చేరతాం. నా దగ్గరి లెక్క నేత్ర చూడల్ల, నేత్రది యశస్ చూడల్ల, వాడిది నేను చూడల్ల. పక్కన కూర్చున్నవాడు ఊరు సంగతి తెలుసుకుంటాడు, దూరంగా ఉన్నవాడు ముల్లు చూస్తాడు. రెండూ కావల్ల. ఒకటే ఉంటే ఏమవుతుందో నన్ను చూస్తాండారు కదా."

"మరి నువ్వు యాడికి?"

"చింతామణికి. వాళ్ళు పెట్టుకుంటామంటే."

ఎవరూ ఏమీ అనకముందే దేవరాజ్ ముందుకు వంగాడు. "యశసూ, రేపే వస్తావా? నా తావున ఒకటి సగం ఉడికినది ఉండాది."

గదిలో మొదటిసారి నవ్వు వినిపించింది. సాయంత్రం పట్టాభిరామ నిచ్చెన వేసుకుని బోర్డు మరలు ఊడదీశాడు. యశస్ కింద నిచ్చెన పట్టుకున్నాడు. నేత్ర అటు తిరిగి నిలబడింది. బోర్డును పాత పేపర్లో చుట్టుకుని బస్సులో ఒళ్ళో పెట్టుకుని పోయాడాయన, దారంతా దాని అంచులు తడుముతూ. ఇష్టపడి చేసిన పనైనా మనసు కుదుటపడడానికి టైం పడుతుంది.

చింతామణి ఆఫీసు ఒక ఉల్లిగడ్డల మండీ మీద మేడలో ఉంది. కింద హమాలీల కేకలు, లారీల హారన్లు. మొదటి రోజు ఆయనకు ఇచ్చిన పని, అర్పిత మెసేజ్ రికార్డు చేసేటప్పుడు కిటికీ తలుపులు మూసి పట్టుకోవడం. రెక్క సరిగ్గా పడదు, ఎవరో ఒకరు పట్టుకోవాలి. ప్రయోగాల జట్టు పెద్ద ఆ రెక్కకు భుజం ఆనించి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

మరుసటి రోజు పొద్దున ఇద్దరూ కొత్త పరీక్షకు కూర్చున్నారు. ఈసారి ఫోన్లను కాదు, ఊళ్ళను చీట్లు తీస్తారు. ఊరంతటికీ మెసేజ్ పోతుంది, లేదా ఊరంతటికీ పోదు. అర్పిత వేలు తెర మీద నల్లగుట్టపల్లి దగ్గర ఆగింది.

"దీనికి కూడా చీటీ వేస్తామా సార్? రాదని పడితే?"

"వెయ్యం. అలవాటైనోళ్ళ చేతిలోంచి లాక్కునే టెస్టు నేను పెట్టను. ఇంతవరకూ ఎవురికీ పోని ఊళ్ళల్లోనే వేస్తాం."

"వాళ్ళల్లో రానోళ్ళు పాపం కదా సార్?"

"పాపమే. అందుకే బిరీన తేల్చల్ల. తేలినాక వాళ్ళకే ముందు ఇయ్యల్ల." తర్వాత ఆయన అడగడం నేర్చుకుంటున్న మనిషిలా అడిగాడు. "ఈ పక్కపక్క ఊళ్ళు రెండూ ఒకే డైరీలో పోస్తారా, వేరేనా?"

"ఒకే డైరీ సార్."

"అయితే రెండూ ఒకటే ఊరనుకుందాం," అన్నాడు పట్టాభిరామ, సంతోషంగా.

అన్నం వేళ అయింది. ఆయన అలవాటు కొద్దీ డబ్బా పట్టుకుని కిటికీ వైపు నడిచాడు. సగం దూరం పోయాక ఆగాడు. అందరూ నేల మీద చాప పరిచి, డబ్బాల మూతలు తీసి మధ్యలో పెట్టుకుంటున్నారు. ఎవరూ ఆయన్ను పిలవలేదు. ఆయన ఏ జట్టు డబ్బా ముట్టడని వాళ్ళకూ తెలుసు. ఆయన వెనక్కి వచ్చి, చాప అంచున కాళ్ళు మడుచుకుని కూర్చున్నాడు.

అర్పిత తన డబ్బాను ఆయన వైపు జరిపింది. చిత్రాన్నం. పట్టాభిరామ చేత్తో ఒక ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. నిదానంగా నమిలాడు. అందరూ ఆయన ముఖమే చూస్తున్నారు. ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు, చాలాసేపు తుడిచాడు.

"నిమ్మకాయ కొంచెం ఎక్కువైందమ్మా," అన్నాడు.

అర్పిత ఫక్కున నవ్వింది, గొంతు ఇంకా బొంగురుగానే. "అవును సార్, ఈపొద్దు చెయ్యి జారింది," అని, ఆయన డబ్బా మూత తీసి, అందులోంచి కూర తన కంచంలో వేసుకుంది.